కన్వర్టర్ పీకించేసినవాడి మాట కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ వాహనాల పేజీలో ఈమధ్య ఒక పాఠకుడు తన పెట్రోల్ కారు పికప్ బాగా తగ్గిపోయిందనీ, ఎత్తు ఎక్కాలంటే రొప్పుతోందనీ రాశాడు. దానికి మీరు వేసిన జవాబు ఏమిటంటే, సైలెన్సర్ లైన్లో ఉండి పొగలోని విషాలని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ తీయించేసి ఆ చోట ఖాళీ పైపు వేయించుకోమని, దాంతో ఇంజిన్‌కి ఊపిరాడి పవర్ పెరుగుతుందని, మైలేజీ కూడా వస్తుందని. చదవగానే నవ్వొచ్చింది. తర్వాత రాలేదు, ఎందుకంటే సరిగ్గా ఇదే సలహా నాకూ ఒకాయన ఇచ్చాడు, నేను విన్నాను, విని ఊరుకోకుండా మూడు వారాల పాటు కనపడిన ప్రతివాడికీ అదే సలహా ఇచ్చాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా భరించండి. వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందుగా ఒకటి ఒప్పేసుకుంటాను. తీయించాక నా కారు పికప్ పెరిగింది. కాదంటే అబద్ధమాడినవాణ్ణవుతాను. ఎందుకు పెరిగిందో తెలుసుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది, గొడవంతా అక్కడే ఉంది.

నాది పదకొండేళ్ల పాత కారు, టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే చక్రం) లేని 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. ఒక్కసారిగా కాదు, రెండు మూడు నెలల్లో మెల్లమెల్లగా దాని బలం తగ్గుతూ వచ్చింది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు పెద్దగా తెలిసేది కాదు. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో గట్టిగా తొక్కితే మాత్రం 3,000 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా బానే వెళ్లి, అక్కడి నుంచి ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయేది, ఇంకా తొక్కితే చప్పుడు పెరిగేదే గానీ బండి ముందుకు లాగేది కాదు. ఎయిర్ ఫిల్టర్ మార్చాను, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాను, ఏమీ తేడా లేదు. చివరికి ఒక గ్యారేజీ ఆయన కారు కిందకి దూరి, రబ్బరు సుత్తితో కన్వర్టర్ డబ్బా మీద రెండు దెబ్బలు వేసి, లోపల గలగలమంటున్న చప్పుడు నాకు వినిపించి, "ఇదిగో సార్, మీ ఇంజిన్ని చంపుతోంది ఇదే, తీసి పారేద్దాం" అన్నాడు. సాయంత్రానికల్లా దాని చోట ఖాళీ పైపు వెల్డింగ్ అయిపోయింది. తాళం తిప్పగానే ఇంజిన్ గొంతు మారిపోయింది. రోడ్డెక్కి తొక్కితే తాడు తెంపుకున్న దూడలా ఉరికింది బండి. దొరికింది కదా మందు అనుకున్నాను.

నాలుగో రోజున డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. అది మామూలే, పట్టించుకోకండి అన్నాడు గ్యారేజీ ఆయన. సరే అన్నాను. ఇక్కడ నేను చేసిన తప్పు కన్వర్టర్ తీయించడం కన్నా పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది. లైటు ఎప్పుడూ వెలిగే ఉంటే కంటికి అలవాటైపోతుంది, అదే లైటు వెనక ఇంకో జబ్బు వచ్చి కూర్చున్నా మనకి తెలియదు. మూడో వారానికి బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ వణకడం మొదలైంది. మైలేజీ లీటరుకి 16 కిలోమీటర్ల నుంచి 13కి పడిపోయింది. పవర్ పెరిగింది కదా, కాస్త ఎక్కువ తొక్కుతున్నానేమోలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక సీట్లోంచి మా అమ్మాయి "నాన్నా, అద్దాలు ఎక్కించు, మన కారు వాసన మనకే వస్తోంది" అంది. అప్పుడు కానీ ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లలేదు.

ఈయన కారు కిందకి దూరలేదు. ముందు కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పులు చదివే స్కానర్ పెట్టాడు. రెండు కోడ్‌లు వచ్చాయి. ఒకటి పి0420, అంటే కన్వర్టర్ పనిచేయడం లేదని. అసలు లేనిది పనిచేయదు కదా, అది సరే. రెండోది పి0303, మూడో సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని, అంటే అందులో పెట్రోల్ సరిగ్గా అంటుకోవడం లేదని. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ పాడైంది, ప్లగ్గు నల్లగా తడిసి ఉంది. నన్ను అడిగిన మొదటి ప్రశ్న "పాత కన్వర్టర్ మీ దగ్గరుందా?" అదృష్టం కొద్దీ అడిగి తెచ్చుకుని డిక్కీలోనే పడేసి ఉంచాను. దాన్ని గ్రైండర్‌తో నిలువుగా కోశాడు.

ఎడిటర్ గారూ, ఆ డబ్బా లోపలి భాగాన్ని జవాబు రాసినాయన ఒక్కసారి చూసి ఉంటే అలా రాసేవాడు కాదు. లోపల ఉండేది ఒక పింగాణీ దిమ్మ. తేనెతుట్టెలా నిండా చిల్లులు, మామూలుగా చదరపు అంగుళానికి 400 దాకా ఉంటాయి, మధ్య గోడలు పోస్టుకార్డు కన్నా పలుచన. ఆ గోడల మీద అల్యూమినా పూత, పూతలో ప్లాటినం, పలాడియం, రోడియం లోహాలు, అన్నీ కలిపి కొన్ని గ్రాములే. ఇంజిన్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌నీ కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరినీ ప్లాటినం, పలాడియం కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుస్తాయి, నైట్రోజన్ ఆక్సైడ్‌లని రోడియం విడగొట్టి మామూలు నైట్రోజన్‌గా వదులుతుంది. నా డబ్బాలో సైలెన్సర్ వైపు సగం శుభ్రంగా ఉంది, దీపం ముందు పెట్టి చూస్తే చిల్లుల్లోంచి వెలుగు కనపడుతోంది. ఇంజిన్ వైపు సగం మాత్రం కరిగి ముద్దైపోయింది. గాజు పూసినట్టు నున్నగా, బూడిద రంగులో, చిల్లులన్నీ మూసుకుపోయి, ఒక అంచున నాణెం అంత జాగా మాత్రం తెరిచి ఉంది. ఇంజిన్ వదిలే పొగంతా అన్నాళ్లూ ఆ నాణెం అంత సందులోంచే బయటికి పోయింది. మొదటాయన కొట్టినప్పుడు గలగలమన్నవి పక్కన విరిగిపడ్డ ముక్కలు.

ఎందుకు కరిగింది? మూడో సిలిండర్లో నిప్పు పడకపోతే ఆ సిలిండర్ పెట్రోల్ కాలకుండా, గాలితో సహా అలాగే కన్వర్టర్లోకి పోతుంది. అక్కడ వేడిగా ఉన్న ప్లాటినం మీద పడి భగ్గున అక్కడే కాలుతుంది. కన్వర్టర్ మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేస్తుంది. రోజూ పచ్చి పెట్రోల్ వచ్చి లోపల మండుతుంటే అది వెయ్యి దాటి, ఇంకా పైకి వెళ్లి, ఆ పింగాణీయే కరిగిపోతుంది. అంటే నా కారులో దోషి కన్వర్టర్ కాదు, కాయిల్. చెడిపోయిన కాయిల్‌ని వదిలేసి, దానికి బలైపోయినదాన్ని పీకించాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, నేను ఇల్లు తగలబెట్టుకున్నాను, ఎలుక మాత్రం హాయిగా ఉంది.

ఇక అసలు సంగతి. పీకించాక పెరిగిందనుకున్న పికప్ దేనితో పోల్చి పెరిగింది? నాణెం అంత సందుతో పోల్చి. పూడుకుపోయిన కన్వర్టర్‌కీ ఖాళీ పైపుకీ తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత, అందులో అనుమానం లేదు. కానీ మంచి కన్వర్టర్‌కీ ఖాళీ పైపుకీ తేడా ఎంత? కాయిల్, ప్లగ్గులు మార్పించి, తర్వాత కొత్త కన్వర్టర్ వేయించాక అదే రోడ్డు మీద, అదే మూడో గేర్లో, అలాగే తొక్కి చూశాను. నా కాలికి ఏ తేడా తెలియలేదు. ఇంజిన్ గొంతు మాత్రం మళ్లీ పాతదైంది. "తీయించాక బండి ఎగిరిపోతోంది" అని చెప్పేవాళ్లలో చాలామంది నాలాగే పాడైపోయినదాన్ని తీయించినవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం. మిగిలినవాళ్లకి చెవి మోసం చేస్తుంది. చప్పుడు పెరిగితే స్పీడు పెరిగినట్టే ఉంటుంది, ఇది ప్రతి కుర్రాడికీ తెలిసిన విషయమే.

లెక్క కూడా వేసి చూద్దాం, కష్టమేం కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. 1.5 లీటర్ల ఇంజిన్ 6,000 ఆర్పీఎంలో పూర్తిగా తొక్కి ఉంటే నిమిషానికి 4,500 లీటర్ల దాకా పీలుస్తుంది. అదే ఇంజిన్ 800 ఆర్పీఎంలో ఊరికే తిరుగుతున్నప్పుడు థ్రాటిల్ (గాలి లోపలికొచ్చే దారిలోని మూత) దాదాపు మూసి ఉంటుంది కాబట్టి సుమారు 200 లీటర్లు. 2,500 దగ్గర సాఫీగా పోతున్నప్పుడు ఏ 800, 900 లీటర్లో. కన్వర్టర్ అడ్డు తెలిసేది గాలి ఎక్కువ పారేటప్పుడు. 200 లీటర్లు పారే చోట 4,500 లీటర్లకి సరిపడా కట్టిన జల్లెడ ఉంటే ఏం అడ్డు? మనం రోజూ నడిపే తీరులో, ట్రాఫిక్‌లో, 2,000, 2,500 ఆర్పీఎంల మధ్య, మంచి కన్వర్టర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎర్ర గీత దగ్గర పూర్తిగా తొక్కి పట్టినప్పుడు, టర్బో లేని మామూలు కారుకి నూటికి రెండో మూడో హార్స్ పవర్ తేడా వస్తే రావచ్చు. రేసు నడిపేవాడికి అది పెద్ద సంగతే. నాకూ మీ పాఠకుడికీ?

మైలేజీ సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. మైలేజీ లెక్కకొచ్చేది తక్కువ గాలి పారే ఆ మధ్య స్పీడుల్లోనే, అక్కడ కన్వర్టర్ అడ్డం దాదాపు లేనట్టే కాబట్టి తీసేస్తే మిగిలేదీ ఏమీ ఉండదు. నా కారుకి తగ్గింది కూడా. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు.

కన్వర్టర్‌కి ముందు ఒక ఆక్సిజన్ సెన్సార్, వెనక ఒక ఆక్సిజన్ సెన్సార్ ఉంటాయి. ముందున్నది పెట్రోల్ ఎంత పోయాలో ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి చెబుతుంది. ఒక కిలో పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి, ఈ లెక్క దగ్గర బండి నడవాలని దాని తాపత్రయం, ఎందుకంటే కన్వర్టర్ మూడు పనులూ ఒకేసారి బాగా చేసేది ఆ లెక్క దగ్గరే. పాతకాలపు సెన్సార్ అయితే పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టుల వైపు, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు వైపు ఊగుతూ ఉంటుంది. వెనకున్న సెన్సార్ పని ప్రధానంగా కాపలా. మంచి కన్వర్టర్ ఆక్సిజన్‌ని కొంత పట్టి ఉంచుకుని అవసరమైనప్పుడు వదులుతుంటుంది కాబట్టి వెనక సెన్సార్ గీత నిలకడగా ఉంటుంది. కన్వర్టర్ తీసేస్తే వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంది, ఈసీయూ అది చూసి పి0420 రాసి లైటు వెలిగిస్తుంది. కొన్ని కార్లలో వెనక సెన్సార్ కూడా పెట్రోల్ లెక్కని సన్నగా సవరిస్తుంటుంది, అలాంటి వాటిలో తీసేయడం ఆ సవరణకీ ఎసరు పెడుతుంది.

నా కారులో జరిగింది ఇంకోటి. కొత్త పైపు బిగించేటప్పుడు మానిఫోల్డ్ (ఇంజిన్లోంచి పొగ బయటికొచ్చే గొట్టాలు) దగ్గర అతుకులో, లీకు కాకుండా వేసే గ్యాస్కెట్ పాతదే మళ్లీ వేశారు. అది సరిగ్గా కూర్చోలేదు. సైలెన్సర్ లైన్లో లీకు ఉంటే పొగ బయటికి మాత్రమే వస్తుందనుకుంటాం, కానీ పొగ దారగా కాదు, దెబ్బదెబ్బగా వస్తుంది, ఒక్కో దెబ్బ వెళ్లిపోయాక వెనక క్షణంపాటు ఒత్తిడి తగ్గి బయటి గాలిని ఆ సందులోంచి లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ని ముందు సెన్సార్ చూసి, పెట్రోల్ చాలడం లేదని ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ పాపం నమ్మి ఇంకాస్త పోస్తుంది. దీనికి తోడు మిస్సింగ్ కొట్టే సిలిండర్‌లోంచి వాడని ఆక్సిజన్ కూడా అటే వస్తోంది, అదీ అదే అబద్ధం చెబుతుంది. స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 16 చూపించింది, అంటే మామూలుకన్నా పదహారు శాతం ఎక్కువ పోస్తోంది. నాకు మైలేజీ పడిపోయింది అందుకే, మా అమ్మాయి పట్టుకున్న వాసన కూడా అదే. కన్వర్టర్ ఉండి ఉంటే ఆ అదనపు పెట్రోల్‌లో చాలావరకు లోపలే కాలిపోయేది (దాని ప్రాణం మీదికి తెచ్చుకునైనా సరే).

లైటు ఆర్పడానికి మార్గాలున్నాయి. వెనక సెన్సార్‌ని పొగకి కాస్త దూరంగా జరిపే చిన్న గొట్టం బిగిస్తారు, లేదా ఈసీయూలో ప్రోగ్రామ్ మార్చి ఆ కాపలానే ఆపేస్తారు. నాకూ చేస్తామన్నారు. పొగ వస్తోందని అలారం తీగ కోసేసినట్టు ఉంటుంది అది, ఇంజిన్‌కి దానివల్ల ఒరిగేది సున్నా.

ఈ వాదనకి రెండో వైపు వాళ్ల మాట కూడా పూర్తిగా నిజం కాదు, అది కూడా చెప్పాలి. "ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి, కన్వర్టర్ తీసేస్తే టార్క్ పడిపోతుంది" అని కొందరు మెకానిక్‌లు గట్టిగా అంటారు. ఏ ఇంజిన్‌కీ బ్యాక్ ప్రెషర్, అంటే బయటికి పోయే పొగకి ఎదురొత్తిడి, అక్కర్లేదు. పిస్టన్ కాలిన పొగని బయటికి తోయడానికి ఎంత కష్టపడితే అంత పవర్ అక్కడే పోతుంది, తోయలేక మిగిలిపోయిన పొగ కొత్త గాలికి చోటు లేకుండా చేస్తుంది. కావలసింది పొగకి వేగం. వేగంగా పోయే పొగ తన వెనక కాస్త ఖాళీ సృష్టించి మిగిలిన పొగని తనతో లాక్కుపోతుంది. మరీ లావు పైపు వేస్తే ఆ వేగం పడిపోయి తక్కువ ఆర్పీఎంలో లాగుడు తగ్గుతుంది, దాన్ని చూసి బ్యాక్ ప్రెషర్ పోయిందని అనుకుంటారు. ఇదే కారణంగా కన్వర్టర్ డబ్బాని అలాగే ఉంచి లోపలి పింగాణీని గడ్డపారతో పొడిచి ఖాళీ చేయడం ఇంకా దండగ పని. సన్నటి పైపులోంచి వచ్చిన పొగ ఒక్కసారిగా పెద్ద డబ్బాలో పడి, సుడులు తిరిగి, మళ్లీ సన్నటి పైపులోకి దూరాలి. చప్పుడు బొయ్యిమంటుంది, పవర్ నేరుగా వేసిన పైపు ఇచ్చినంత కూడా రాదు.

టర్బో ఉన్న కార్ల కథ వేరు, ఇది కూడా నిజాయితీగా చెప్తున్నాను. టర్బో చక్రానికి ముందు ఎంత ఒత్తిడి ఉందో, వెనక ఎంత ఉందో, ఆ తేడాయే చక్రాన్ని తిప్పుతుంది. వెనక కన్వర్టర్ అడ్డం తగ్గితే చక్రం త్వరగా తిరుగుతుంది, అందుకే ట్యూనింగ్ చేసేవాళ్లు ముందు పట్టుకునేది దాన్నే, వాళ్లకి లాభం నిజంగానే కనపడుతుంది. కానీ ఆ అడ్డం ఉంటుందనే లెక్కతోనే వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని చక్రం పక్కనుంచి పంపేసే తలుపు) సైజు పెట్టి ఉంటారు. అడ్డం పోయాక కొన్ని బళ్లలో వేస్ట్‌గేట్ పూర్తిగా తెరుచుకున్నా సరిపోక, బూస్ట్, అంటే టర్బో గాలిని నెట్టే ఒత్తిడి, అనుకున్నదానికన్నా పైకి పాకుతుంది. దానికి తగ్గట్టు పెట్రోల్ లెక్క, ఇగ్నిషన్ టైమింగ్ మార్చకపోతే ఇంజిన్ నాకింగ్ కొడుతుంది (లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలుతుంది), పిస్టన్‌ల దాకా పోతుంది వ్యవహారం. డీజిల్ కార్ల పొగ ఫిల్టర్ల గొడవ ఇంకో ఉత్తరమంత ఉంది, అందులోకి వెళ్లను.

మరి కన్వర్టర్ పవర్ తింటుందనే ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచి పుట్టింది కాదు. ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికా వెళ్లిన యూజీన్ హూడ్రీ అనే ఇంజినీరు 1950లలోనే దీన్ని తయారు చేశాడు, కానీ అప్పటి పెట్రోల్‌లో సీసం కలిపేవారు, సీసం ఆ లోహాల మీద పొరలా పట్టి చంపేసేది. అమెరికాలో 1975 మోడల్ కార్లతో అవి పెద్దఎత్తున వచ్చాయి, వాటితో పాటే సీసం లేని పెట్రోల్ వచ్చింది. ఆ తొలి రోజుల్లో కొన్నిటిలో తేనెతుట్టె దిమ్మ కాకుండా డబ్బా నిండా గుళికలు పోసేవారు, అవి నిజంగానే పొగకి అడ్డమే. పైగా అదే కాలంలో ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించారు, కార్బురేటర్ బళ్లు కాబట్టి పెట్రోల్ లెక్క కూడా అంతంత మాత్రం. బండి నీరసపడింది, నింద మాత్రం కంటికి కొత్తగా కనపడుతున్న డబ్బా మీద పడింది. తర్వాత ఆక్సిజన్ సెన్సార్, ఫ్యూయల్ ఇంజెక్షన్, మూడు పనులూ చేసే కన్వర్టర్ వచ్చి యాభై ఏళ్లు కావస్తున్నా ఆ నింద పోలేదు.

గాలి సంగతి నేను ఎక్కువ రాయను, మీ పేపర్లో రోజూ రాస్తూనే ఉంటారు. వేడెక్కిన మంచి కన్వర్టర్ ఆ మూడు విషాల్లో నూటికి తొంభై వంతులకు పైనే తీసేస్తుంది, అందుకే చాలా దేశాల్లో దీన్ని తీసేయడం చట్టవిరుద్ధం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నా కారులోలా గ్యాస్కెట్ లీకు కూడా తోడైతే అది కారు కింద నుంచి లోపలికి చేరడానికి పెద్ద దారేం కావాలి? మా అమ్మాయికి వచ్చిన వాసన కాలని పెట్రోల్‌ది. దాంతో పాటు వాసన లేనిది ఎంత వచ్చిందో అని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

కాబట్టి మీ పాఠకుడికి ఇవ్వాల్సిన జవాబు వేరే ఉంది. కన్వర్టర్ పూడుకుందో లేదో తేల్చడానికి దాన్ని కోయక్కర్లేదు. ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగిస్తారు. బండి ఊరికే తిరుగుతున్నప్పుడు ఒకటిన్నర పీఎస్ఐ (ఒత్తిడి కొలత) లోపు, 2,500 ఆర్పీఎంలో 3 పీఎస్ఐ లోపు ఉంటే కన్వర్టర్ జోలికి పోనక్కర్లేదు, పికప్ తగ్గడానికి కారణం ఇంకెక్కడో ఉంది. ఆ గేజ్ లేకపోతే ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని చూపే వాక్యూమ్ గేజ్ చాలు. ఆర్పీఎం 2,500 దగ్గర నిలిపి ఉంచితే వాక్యూమ్ మెల్లగా దిగజారుతూ పోతుంటే బయటికి పోయే దారి మూసుకుందన్నమాట. అరగంట పని కూడా కాదు. నాకు ఇది చేయలేదు, సుత్తి దెబ్బతో సరిపెట్టారు. సుత్తి దెబ్బ తప్పు కూడా కాదు, లోపల విరిగిందని సరిగ్గానే చెప్పింది, ఎందుకు విరిగిందో చెప్పలేదంతే.

పూడుకుందని తేలినా సరే, కొత్తది వేసే ముందు పాతది ఎందుకు చచ్చిందో తేల్చాలి, లేకపోతే కొత్తదీ అదే దారిన పోతుంది. కాయిల్, ప్లగ్గులు చూడాలి. కారు ఇంజిన్ ఆయిల్ తాగుతోందేమో చూడాలి, ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్ ఆ లోహాల మీద పేరుకుని మూసేస్తుంది. కూలెంట్ తగ్గుతోందంటే అది సిలిండర్లోకి కారి అక్కడి నుంచి కన్వర్టర్ మీదికి వస్తూ ఉండొచ్చు. చవకలో దొరికే కన్వర్టర్‌లలో లోహం తక్కువ ఉంటుంది, కొన్నాళ్లకి అదే పి0420 మళ్లీ పలకరిస్తుంది, అది కూడా దృష్టిలో పెట్టుకోవాలి. అలాగని విరిగినదాన్ని అలా వదిలేయడమూ మంచిది కాదు. కన్వర్టర్ ఇంజిన్‌కి మరీ దగ్గరగా ఉన్న కొన్ని కార్లలో ఆ పింగాణీ పొడి వెనక్కి సిలిండర్లోకి చేరి గోడలు గీకే ప్రమాదం ఉంది.

ఇంకోటి, ఇది పాత మెకానిక్‌లకి చెప్పాలి. ఏ సిలిండర్ మిస్సింగ్ కొడుతోందో పట్టుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా ఒక్కొక్క ప్లగ్గు వైరూ పీకి చూసే అలవాటు ఉంది కదా, కార్బురేటర్ రోజుల్లో అది గొప్ప పద్ధతే. ఇప్పుడు అలా వైరు పీకినంతసేపూ ఆ సిలిండర్ పచ్చి పెట్రోల్ నేరుగా కన్వర్టర్లో పోస్తున్నట్టే. నా కారుకి కూడా మొదట్లో ఎవరో అలా చేశారు, నేనే పక్కన నిలబడి చూశాను, తెలివైనవాడే అనుకున్నాను. ఇంజిన్ బొమ్మ ఊరికే వెలిగి ఉంటే మెకానిక్ దగ్గరికి వెళ్లడానికి ఒకటి రెండు రోజులు టైముంది. మిణుకుమిణుకుమని కొట్టుకుంటుంటే మాత్రం ఇప్పుడే, ఈ నిమిషంలో కన్వర్టర్ కాలుతోందని అర్థం. పెడల్ మీద కాలు తీసి పక్కకి ఆపాలి.

మీ పేజీలో ఆ జవాబుకి సవరణ వేయాలని నా మనవి. పూర్తి సవరణకి చోటు లేకపోతే "ముందు స్కానర్ పెట్టించండి, బ్యాక్ ప్రెషర్ చూపించండి" అని ఒక్క ముక్కైనా వేయండి, ఆ పాఠకుడు ఈపాటికి గ్యారేజీకి వెళ్లి ఉండకపోతే పనికొస్తుంది. కోసిన పాత డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. పేజీకి ఫొటో కావాలంటే పంపిస్తాను, కరిగిన వైపుది ఒకటి, కరగని వైపుది ఒకటి.

ఇట్లు,
మీ పాఠకుడు